లెక్క చెవిన పడితే

ఇరవై మూడు పరుగుల దగ్గర గుర్వయ్య బ్యాటు విసిరిన తీరు చూసి ఏసోబు కళ్ళు మూసుకున్నాడు. తరువాత జరగబోయేది చూడనక్కరలేదు. ఆఫ్ స్టంపుకు జానెడు ఎడంగా, వదిలేస్తే తన దారిన తాను కీపరు చేతుల్లోకి పోయే బంతి అది. దాన్ని వెంటాడి, ఒళ్ళంతా ఊపి, ఆకాశంలోకి లేపాడు గుర్వయ్య. మిడాఫ్‌లో ఉన్న పట్నం మనిషి రెండడుగులు వెనక్కి వేసి తీరిగ్గా పట్టుకున్నాడు.

"గుర్వయ్య అవుటూ! ఇరవై మూడూ!" అని మల్లప్ప కేక వేశాడు.

నల్లగొండ మైదానంలో పరుగులు రాసే పలక లేదు. ఉన్నా, చూడవచ్చినవారిలో పదింట తొమ్మిదిమందికి అక్షరం రాదు. అందుకని క్లబ్బువారు దండోరా వేసే మల్లప్పను పెట్టుకున్నారు. ఖాళీ కిరసనాయిలు డబ్బా మీదికెక్కి, పరుగు వచ్చినప్పుడల్లా ఆడినవాడి పేరూ, అప్పటికి అతను చేసిన మొత్తమూ కేక వేసి చెప్పడం అతని కొలువు. జట్టు భువనగిరికి పోయినా, మహబూబ్‌నగరానికి పోయినా, బస్సు మీద సామానుతో పాటు మల్లప్పా, మల్లప్ప డబ్బా ఉండవలసిందే. గాలి అనుకూలిస్తే ఆ గొంతు పానగల్ చేలల్లో వినబడుతుందని చెప్పుకునేవారు.

అది 1937 డిసెంబరు. జిల్లా జట్టుకూ హైదరాబాదు పట్నం నుంచి వచ్చిన జట్టుకూ రెండు రోజుల మ్యాచి. పట్నం జట్టు మధ్యాహ్నం దాకా ఆడి రెండు వందల పద్దెనిమిది చేసింది. మనవాళ్ళు పొద్దు వాలేసరికి అయిదుగురిని పోగొట్టుకుని అరవై దగ్గర కుంటుతున్నారు. ఆ గెలుపోటముల మీద ఎవరికీ పెద్ద ఆశ లేదు. అందరి కళ్ళూ షామియానా కింద, వెదురు కుర్చీలో కూర్చున్న ఖాదర్‌యార్ ఖాన్ మీదే ఉన్నాయి. ఒకప్పుడు తానే పేరుమోసిన ఆటగాడు. ఇప్పుడు హైదరాబాదు జట్టుకు మనుషులను ఏరే పెద్దమనిషి. ఆ జట్టులో నిలదొక్కుకున్నవాడికి, విలాయతు జట్టు వచ్చినప్పుడు హిందుస్తాన్ తరఫున టెస్టు ఆడే దారి తెరుచుకుంటుంది. ఈ జిల్లా నుంచి ఒక్కణ్ణి చూసి పోదామని ఆయన వచ్చాడు. ఆ ఒక్కడు గుర్వయ్య.

గుర్వయ్యను తయారుచేసింది ఏసోబు. మిషన్ బడిలో డ్రిల్లూ భూగోళమూ చెప్పే మాస్టరు. పెళ్ళికాక ముందు సికింద్రాబాదు లష్కరులో దొరల పటాలానికి వంటశాలలో పనిచేస్తూ, వాళ్ళ ఆటను చూసి చూసి, ఒక్కొక్క అడుగూ, ఒక్కొక్క మణికట్టు తిప్పూ కాగితం మీద బొమ్మ గీసుకుని నేర్చుకున్నవాడు. నలభై అయిదేళ్ళ వయసులో తాను ఆడలేనిదాన్నంతా ఒక గొల్లవాడి చేతుల్లో పెట్టాడు. గుర్వయ్య కచ్చేరీలో చప్రాసీ. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఏసోబు ముందు బ్యాటు పట్టుకుని నిలబడతాడు.

ఆనాటి ఆట ముగిశాక ఖాన్ సాహెబు ఏసోబును పిలిపించాడు. ఆయనది ఉర్దూ కలిసిన తెలుగు.

"మాస్టర్ సాబ్, చెయ్యి మంచిగుంది. కన్ను మంచిగుంది. ఆఫ్ దిక్కు కొట్టే ఆ దెబ్బ పట్నంల గుడ ఇద్దరు ముగ్గురికే వస్తది. మరి మిజాజ్? ఓపిక పట్టే గుండె?"

"ఉంది సాబ్."

"ఎక్కడుంది? ఆ ఇరవై మూడుల ఉందా?" ఖాన్ సాహెబు నవ్వలేదు. "టెస్టు అంటే పొద్దుందాక నిలబడి, తెల్లారి మళ్ళ మొదటి నుంచి నిలబడుడు. కొట్టేటోళ్ళు నాకు మస్తుమంది ఉన్నరు. కొట్టకుంట ఊకునేటోడు కావాలె. రేపు సాయంత్రం నా బస్సు. అది కదిలేలోపు నువ్వు ఒక్క మాట చెప్పు. ఔ అంటే నీ మాట మీద తీస్కపోత. నీ మాట తప్పయితే మాత్రం, మళ్ళ ఈ జిల్లా దిక్కు ఎవ్వలూ రారు."

ఏసోబు ఔననీ కాదనీ అనకుండా తల వంచి వచ్చేశాడు.

అతని దగ్గర రెండేళ్ళ నోటు పుస్తకం ఉంది. గుర్వయ్య ఆడిన ప్రతి ఆటా, ఎదుర్కొన్న ప్రతి బంతీ చుక్కలుగా, గీతలుగా అందులో ఉన్నాయి. ముప్పై ఒకటి, పదిహేడు, నలభై, పన్నెండు, ఇరవై ఆరు, ఇప్పుడు ఇరవై మూడు. మొదట్లోనే పోయేవాడు కాడు. పాతుకుపోయాడు అనుకున్నప్పుడు పోయేవాడు. సాధనలో గంటల తరబడి ఒక్క తప్పు దెబ్బ లేకుండా ఆడేవాడు, మ్యాచిలో మాత్రం ఉన్నట్టుండి పూనకం వచ్చినట్టు బ్యాటు విసిరేవాడు. ఇన్ని గీతలు గీసిన ఏసోబుకు ఆ పూనకం ఎక్కడ పుడుతుందో అంతుచిక్కలేదు. ఖాన్ సాహెబు చెప్పిన మాటే నిజమేమో, చేతిలో పెట్టగలిగినది గుండెలో పెట్టలేకపోయానేమో అనుకుంటూ పానగల్ దారి పట్టాడు.

గుర్వయ్య అటే పోయాడని విన్నాడు. వాళ్ళ గొర్లమందను ఆ వారం పానగల్ దగ్గర ఒక రైతు చేనిలో ఎరువు కోసం ఆపారు. ఏసోబు వెళ్ళేసరికి మేతకు పోయిన గొర్లు తిరిగి వస్తున్నాయి. కంపతో కట్టిన దొడ్డి వాకిట్లో గుర్వయ్య తల్లి నర్సింగమ్మ నిలబడి, లోపలికి దూరే ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యి వేస్తోంది.

"కూసోండ్రి సారూ. వాడు ఎనక వస్తాండు, నడువలేని గొర్రెపిల్లను మోసుకొస్తాండు" అని గొంగడి చూపించింది.

ఏసోబు కూర్చున్నాడు. మనసు వేరే చోట ఉంది. బడిలో పిల్లలు బారులు తీరితే తల తలకూ వేలు చూపి లెక్కపెట్టడం ఇరవై ఏళ్ళ అలవాటు. వేలు దానంతట అది లేచింది, నోరు దానంతట అది కదిలింది.

"…ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి…"

"ఓ సారూ! నోరు ముయ్యుండ్రి!"

అంత పెద్ద కేక నర్సింగమ్మ నోట ఏసోబు ఎన్నడూ వినలేదు. ఆమె గబగబా వంగి, అప్పుడే లోపలికి పోయిన ఒక గొర్రెను వెనక కాలు పట్టి బయటికి లాగింది. దాన్ని దొడ్డి చుట్టూ ఒకసారి తిప్పి, మంద మధ్యలోకి తోసి, ఊపిరి వదిలింది.

"లెక్క ఇరిగింది. ఇంగ ఫికర్ లేదు."

"నేనేం చేసిన అమ్మా?"

"పాణమున్నదాన్ని లెక్కవెడ్తరా? ఇంత అని నోటితోని అన్నమంటె, గంతల నుంచి తగ్గుడే. పొరపాటున ఎవలన్న అంటె ఎంటనే ఇరగ్గొట్టాలె. మనమే ఒకదాన్ని ఇవతలికి గుంజాలె. లేకుంటె అదే గుంజుకపోతది."

"మరి ఒకటి తప్పిపోతే ఎట్ల ఎర్కయితది?"

"మీకు నలుగురు పిల్లలు. బువ్వకాడ ఒకడు లేకుంటె మీరు లెక్కవెట్టి తెలుసుకుంటరా, మొఖం జూసి తెలుసుకుంటరా?"

ఏసోబు ఇంకా లేచే ఉన్న వేలిని మడిచాడు. "మంద లెక్క జూసి పుల్లరి పన్ను రాసుకునేతందుకు సర్కారు గిర్దావరు వస్తే?" అని అడిగాడు.

"గప్పుడు తప్పదు గద. ఒక గొర్రెపిల్లను గొంగట్ల దాచిపెడ్త. ఆయన రాసుకునేది తప్పు లెక్క. తప్పు లెక్కకు దిష్టి లేదు." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "మా గుర్వడు మీ బడిల నూరు దాక నేర్చిండు యాదికుందా? అప్పుడు పదేండ్లు. గొప్ప జూపియ్యాలని మంద ముంగట నిలవడి, ఒక్కొక్కదాన్ని ఏలుతోని సూపుకుంట లెక్కవెట్టిండు. ఎనభై నాలుగని ఊరంత ఇనవడేటట్టు ఒర్రిండు. వారం తిరగలే, రోగం దలిగి ముప్పై సచ్చినయి. వాళ్ళ నాయిన వాన్ని ఒక్క మాట అనలే. కొట్టినా అయిపోతుండె. కొట్టలే."

ఏసోబు తలలో నోటు పుస్తకం దానంతట అది తెరుచుకుంది. నలభై దగ్గర అవుటైన బంతికి ముందు బంతి: రెండు పరుగులు. పదిహేడు దగ్గర: ఒక ఫోరు, వెంటనే అవుటు. పన్నెండు దగ్గర, ఇరవై ఆరు దగ్గర, ఇవాళ ఇరవై మూడు దగ్గర. ప్రతిసారీ పరుగు వచ్చాకనే. ప్రతిసారీ డబ్బా మీద నుంచి కేక పడ్డాకనే. సాధనలో కేక లేదు. అందుకే అక్కడ పూనకమూ లేదు.

గుర్వయ్య మెడ మీద గొర్రెపిల్లను వేసుకుని వచ్చి, మాస్టరును చూసి తడబడ్డాడు.

"గుర్వా, మల్లప్ప ఒర్రినప్పుడు నీకేమైతది?"

"ఏం గాదు సారూ."

"నిజం చెప్పు."

గుర్వయ్య తల్లి వైపు చూశాడు. పిల్లను దించి, దాని మూతి తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు: "మెల్లమెల్లగ కూడవెట్టుకుంట సారూ. కొన్ని కూడినంక వాడు ఇంత అని ఒర్రంగనే, ఇగ ఇవి పోతయి అనిపిస్తది. ఎప్పుడు పోతయో, ఎట్ల పోతయో అని అదే ధ్యాస. పోయేదేదో నేనే పోగొట్టుకుంటె పాణం నిమ్మలమైతది. పిచ్చిముచ్చట, నాకెర్కనే. చెయ్యి మాత్రం ఇనదు."

"నాతో ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"మీరు దినాం పొద్దుగూకితే పుస్తకం దీసి సదువుతరు గద సారూ. ముప్పై ఒకటి, రేపు ముప్పై రెండు గావాలె అని. మీరు ఇంత ముచ్చటగ సదువుతాంటె ఏమని చెప్పాలె?"

రోజూ ఆ లెక్క చదవడమే తాను రెండేళ్ళుగా వాడికి పట్టించిన ఓర్పు మందు. దానితోనే వాడిని విరుస్తూ వచ్చానని ఏసోబుకు అప్పుడు తెలిసింది.

మరునాడు ఆట మొదలు కాకముందే అతను మల్లప్పను చాటుకు పిలిచాడు.

"ఇవాళ ఒక్క దినం గుర్వయ్య లెక్క ఒర్రకు. తక్కినోళ్ళందరిది ఒర్రు."

"క్లబ్బోళ్ళు నాకు కూలిచ్చేది ఒర్రనీకి సారూ, ఊకుండనీకి గాదు. జనం ఊకుంటరా? మన్ను దీసి కొడ్తరు."

"నా పేరు జెప్పు."

"మీ పేరు జెప్తె ఇద్దరికీ పడ్తది మన్ను" అని గొణిగాడు మల్లప్ప. కానీ ఒప్పుకున్నాడు.

జిల్లా జట్టు గంటలోపే తొంభైకి ముగిసింది. పట్నం కెప్టెను వెంటనే మళ్ళీ ఆడమన్నాడు. ఇక గెలిచే మాట లేదు. సాయంత్రం అయిదు దాకా అవుట్ కాకుండా నిలబడితే డ్రా. అయిదున్నరకు ఖాన్ సాహెబు బస్సు. పిచ్ కోసం మొరం నేల మీద బిగించి మేకులు కొట్టిన పీచు చాప ఎండకు వేడెక్కి, బంతి పడిన ప్రతిసారీ దుమ్ము వదులుతోంది. గుర్వయ్య మొదటి బంతికి ఎదురు నిలబడ్డాడు.

ఒక పరుగు తీశాడు. డబ్బా మీద మల్లప్ప నోరు తెరిచి, మూసుకున్నాడు.

ఆ తరువాత మూడు గంటల పాటు ఏసోబు చూసినది తాను రెండేళ్ళుగా సాధనలో చూసిన గుర్వయ్యనే. అడ్డుకోవలసినదాన్ని అడ్డుకున్నాడు, వదలవలసినదాన్ని వదిలాడు. అవతల మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. "ఓ మల్లప్పా, గొంతుకు తాళమేసినవా?" అని జనం అరిచారు. ఎవడో నిజంగానే మట్టిగడ్డ విసిరాడు. మల్లప్ప దాన్ని చేత్తో పట్టుకుని, ఏసోబు వైపు ఒక చూపు చూసి, కింద పడేశాడు. టీ వేళకు జిల్లా ఆరుగురిని పోగొట్టుకుంది. గుర్వయ్య పరుగులు నలభై ఏడు. ఆ సంగతి ఏసోబు నోటు పుస్తకానికీ, మల్లప్పకూ తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు.

ఖాన్ సాహెబు వేలితో పిలిచాడు.

"మాస్టర్ సాబ్, పేరు రాసుకుందామని కలం దీసిన. ఒక్కటి అడుగుత. మీ డబ్బా మనిషి అందరి లెక్క ఒర్రుతాండు. గుర్వయ్యది ఎందుకు ఒర్రడు?"

ఒక్క చిన్న అబద్ధం చాలు. మరచిపోయాడనవచ్చు, గొంతు పట్టిందనవచ్చు. కలం మూత తీసే ఉంది. ఏసోబు నిన్న సాయంత్రం నుంచి జరిగినదంతా చెప్పాడు.

ఖాన్ సాహెబు కలానికి మూత బిగించాడు.

"బొంబాయిల ఇరవై వేల మంది కూసుంటరు. ఒక్కొక్కని నోరు మూసుకుంట పోతవా?"

"పోలేను సాబ్."

"ఇంకా గంటన్నర ఉంది. నేను చూసేది ఇప్పుడు చూస్త. ఒర్రమనుడా, వద్దా, మీరే చెప్పుండ్రి."

ఏసోబు గుర్వయ్య దగ్గరికి నడిచాడు. గుర్వయ్య ఇత్తడి గ్లాసుతో చాయ తాగుతున్నాడు; రెండేళ్ళలో ఎన్నడూ లేని తేటదనం అతని ముఖంలో ఉంది.

"గుర్వా, ఆయనకు సంగతి చెప్పిన."

గ్లాసు ఆగిపోయింది. "ఏ సంగతి?"

"మల్లప్పను ఊకుండమన్న సంగతి. ఎందుకన్ననో ఆ సంగతి."

"ఎందుకు చెప్పిన్రు?"

"అడిగిండు."

"అడిగితె చెప్తరా?" గుర్వయ్య లేచి నిలబడ్డాడు. గొంతు పెరిగింది. "గంటన్నర! గంటన్నర ఆగకపోతిరి! నోరున్నది గద అని నిజమంత ఆడనే పారబోస్తరా? మీకేం సారూ, రేపు మీ బడి మీకుంటది. నాకు కచ్చేరీల చెప్పులు మోసుడు ఉంటది!"

ఆ మాటల్లో తప్పేమీ లేదని ఏసోబుకు తెలుసు. గుర్వయ్య గ్లాసును బెంచీ మీద పెట్టాడు, చేతి తొడుగులు వేసుకున్నాడు.

"ఏమంటడు ఆయన?"

"ఒర్రమనాల్నా, వద్దా మనల్నే చెప్పమన్నడు. వద్దంటే వద్దనే చెప్త."

"వద్దంటె తీస్కపోతడా?"

"పోడు."

"అయితే మీరు అడిగేదేముంది?" గుర్వయ్య బ్యాటు తీసుకున్నాడు. మైదానంలోకి పోతూ వెనక్కి తిరగకుండా అన్నాడు: "ఒర్రుమనుండ్రి."

టీ తరువాత రెండో ఓవరులో అతను ఒక పరుగు తీశాడు. పొద్దుటి నుంచి మింగిన కేకలన్నీ కలిపి ఒక్కసారే వదిలినట్టు మల్లప్ప గర్జించాడు.

"గుర్వయ్యా! నలభై ఎనిమిదీ!"

జనం చప్పట్లు కొట్టారు. ఏసోబు చూపు గుర్వయ్య చేతుల మీద ఉంది. మళ్ళీ స్ట్రైకు వచ్చిన మొదటి బంతి ఆఫ్ స్టంపుకు దూరంగా పడింది. ఏసోబుకు ముందే తెలుసు. బ్యాటు లేచింది, ఒళ్ళు ఊగింది, బంతి అంచుకు తగిలి స్లిప్‌లోకి పోయింది. అక్కడి మనిషి రెండు చేతుల్లోకీ వచ్చినదాన్ని నేలపాలు చేశాడు.

షామియానా కింద ఎవరో నవ్వారు. ఖాన్ సాహెబు కదలలేదు. గుర్వయ్య తన కుడి చేతిని, పరాయివాడి చేతిని చూసినట్టు చూసుకున్నాడు.

ఆ తరువాత అతను పరుగు తీయడమే మానేశాడు. అందిన బంతిని సైతం కాళ్ళ దగ్గర చంపేశాడు. పరుగు లేకపోతే కేక లేదు. అరగంట గడిచింది. జనం విసిగి వేరుశనక్కాయలు ఒలుచుకోసాగారు.

"తెలివైనోడే" అన్నాడు ఖాన్ సాహెబు, ఏసోబుకు మాత్రం వినబడేటట్టు. "దాక్కుంటాండు. దాక్కునుడు మిజాజ్ గాదు మాస్టర్ సాబ్."

ఏడో మనిషి పోయాడు. ఎనిమిదో మనిషి పోయాడు. అయిదుకు పావుగంట ఉందనగా తొమ్మిదో మనిషి పోయి, చివరివాడు ఐలేశం వచ్చాడు. కచ్చేరీలో తోటపని చేసే ఐలేశం బంతి బాగా వేస్తాడు. బ్యాటును మాత్రం పారలాగే పట్టుకుంటాడు. అతనికి నాలుగు బంతులు తిన్నగా వేస్తే మ్యాచి అయిపోతుంది. మిగిలినవి అయిదు ఓవర్లు.

ఆ క్షణాన ఏసోబుకు లెక్క అర్థమైంది. గుర్వయ్యకూ అర్థమైందని అతను ఐలేశం దగ్గరికి నడిచిన తీరులో తెలిసింది. ఐలేశాన్ని బంతికి దూరంగా ఉంచాలంటే ప్రతి ఓవరు చివరి బంతికీ గుర్వయ్య ఒక పరుగు తీసి అవతలి కొసకు చేరాలి. పరుగు తీస్తే కేక పడుతుంది. కేక పడ్డ వెంటనే, మరో ఓవరు మొదటి బంతి, తానే ఆడాలి. దాక్కోవడానికి జాగా లేదు.

మొదటి ఓవరు అయిదు బంతులు అడ్డుకుని, ఆరోదాన్ని కాలి వైపు తోసి పరుగెత్తాడు.

"నలభై తొమ్మిదీ!"

గుర్వయ్య క్రీజులోకి రాలేదు. చాప అంచున నిలబడి, డబ్బా మీది మల్లప్పను సూటిగా చూశాడు. బౌలరు సిద్ధంగా ఉన్నాడు. అంపైరు చెయ్యి ఊపాడు. కేక మైదానం అవతలి గుట్ట దాకా పోయి, తిరిగి వచ్చి, పూర్తిగా అణిగేదాకా చూసి, అప్పుడు వచ్చి నిలబడ్డాడు. బ్యాటు కొన నేలను టపటపా కొడుతోంది. అది ఆటగాళ్ళు కావాలని కొట్టే తీరు కాదు; చెయ్యి వణుకు. బంతి ఆఫ్ వైపు దూరంగా పడింది. బ్యాటు జానెడు లేచింది. లేచి, అక్కడే ఆగింది. బంతి పోయింది.

ఏసోబు నోటు పుస్తకంలో ఒక చుక్క పెట్టాడు.

రెండో ఓవరు చివర మళ్ళీ ఒక పరుగు. "గుర్వయ్యా! యాభై! యాభై! యాభై!" అని మల్లప్ప ముమ్మారు అరిచి డబ్బా మీద ఎగిరాడు. జనం లేచి నిలబడ్డారు. పట్నం కెప్టెను ఇక కాచుకు కూర్చోలేదు. తొమ్మిదిమందిని చుట్టూ ముసిరించాడు. గుర్వయ్య మల్లప్ప వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఏయ్, ఆడుతవా, ఫోటో దిగుతవా?" అన్నాడు కీపరు.

గుర్వయ్య అంతా అణిగాక వచ్చి, మూడో ఓవరు ఆరు బంతులూ ఆడాడు. చివరి బంతికి పరుగు దొరకలేదు. నాలుగో ఓవరు ఐలేశానిది. ఆ ఆరు బంతులూ ఎట్లా గడిచాయో ఐలేశానికే తెలియదు: ఒకటి పొట్టకు తగిలింది, ఒకటి స్టంపుల మీదుగా వెంట్రుకవాసిలో పోయింది, రెండు పారకు తగిలినట్టు బ్యాటుకు తగిలాయి, తక్కినవాటిని అతను చూడలేదు.

చివరి ఓవరు. రెండో బంతిని గుర్వయ్య మెత్తగా కాలి వైపు వాల్చాడు. పరుగు అక్కరలేదు. ప్రాణం దక్కిన సంబరంలో ఉన్న ఐలేశం మాత్రం "ఉరుకు, ఉరుకు!" అంటూ అప్పటికే సగం చాప దాటేశాడు.

"ఓరి నీ…" అంటూ గుర్వయ్య ఉరికాడు. ఒక్కటితో ఆగితే మిగిలిన బంతులు ఐలేశానివి. అవతలి కొస ముట్టి, "మళ్ళ ఉరుకు!" అని అరిచి, ఎదురు తిరిగి దూకాడు. బంతి కీపరు చేతికి చేరేసరికి దుమ్ములో బోర్లాపడి ఉన్నాడు. బ్యాటు గీత లోపలే ఉంది.

"యాభై రెండూ!"

ఈసారి ఆ కేకకు అతను మల్లప్ప వైపు తిరగలేదు. లేచేంత ఊపిరి లేదు. మోకాలి మీద రక్తంతో, రొప్పుతూనే నిలబడ్డాడు. మూడో బంతి, అడ్డుకున్నాడు. నాలుగోది బ్యాటు అంచును తాకి నేలను కొట్టి పోయింది. అయిదోది ఛాతీకి తగిలింది. ఆరోది ఆఫ్ స్టంపుకు జానెడు ఎడంగా వచ్చింది. కొట్టమని పిలిచే బంతి. గుర్వయ్య రెండు చేతులూ తల మీదికి ఎత్తి దాన్ని పోనిచ్చాడు.

అంపైరు స్టంపుల మీది గిల్లలు తీసేశాడు. మ్యాచి డ్రా.

ఖాన్ సాహెబు కుర్చీలోంచి లేచి, షేర్వానీ సర్దుకున్నాడు. "ఇప్పుడు చెప్పు మాస్టర్ సాబ్. నిన్న అడిగిన మాట."

ఏసోబు మైదానం మధ్యలో మోకాళ్ళ మీద చేతులు ఆనించి నిలబడ్డవాణ్ణి చూశాడు. "చెయ్యి వణుకుతనే ఉంది సాబ్. అది పోలే. పోతదని నేను మాటియ్యను."

"నేను అడిగింది అది గాదు."

"నిలవడ్తడు సాబ్. నిలవడ్తడని మాటిస్త."

ఖాన్ సాహెబు కలం తీయలేదు. "బుధవారం పొద్దుటి బస్సుకు పంపియ్యి. పది దినాలు చూస్త. ఇవాళ కేక ఇనుకుంట ఆడింది గంటన్నర; టెస్టుల నాలుగు దినాలు. వాపస్ పంపితే నారాజ్ గావద్దు" అని, చేతికర్ర తీసుకుని బస్సు వైపు నడిచాడు.

గుర్వయ్య షామియానా వెనక బెంచీ మీద కూర్చుని ప్యాడ్ల పట్టీలు విప్పబోతున్నాడు. పట్టీ ఊడిరావడం లేదు. ఏసోబు అతని ముందు నేల మీద కూర్చుని పట్టీ అందుకున్నాడు.

"వద్దు సారూ, మీరు నా కాళ్ళు వట్టుడేంది!"

"ఊకో. బుధవారం పట్నం పోవాలె నువ్వు."

గుర్వయ్య మైదానం వైపు చూశాడు. అక్కడ మల్లప్ప డబ్బా మీద నుంచి దిగి, గొంతు పట్టుకుని నీళ్ళ కోసం అడుగుతున్నాడు.

"ఆడ గుడ గిసొంటోడు ఉంటడా సారూ?"

"ఉండడు. ఆడ ఒర్రరు. ఇల్లంత ఎత్తు నల్ల పలక ఉంటది. దాని మీద తెల్లగ రాస్తరు. ఏ మూలకు నిలవడ్డా కనవడ్తది."

గుర్వయ్య అంత ఎత్తుకు తల ఎత్తి చూశాడు.

"నాకు సదువొస్తది గద సారూ" అన్నాడు దిగులుగా.

"ఔ" అన్నాడు ఏసోబు, రెండో కాలి పట్టీ అందుకుంటూ. "నేనే నేర్పిన."